డాష్‌బోర్డు ఫలకము వెనుక: వాహనములోని సాకెట్లకు తీగలు మార్చిన పాఠము

మా మిషనువారి సంచార వైద్యవాహనమును ఎరుగని విద్యార్థి ఈ పాఠశాలలో నుండడు. పడమటి దేశములలో మోటారు హోము అని పిలుచు బండివంటిదే అది. పాత బస్సులో రెండు మంచములు, నీళ్లతొట్టి, మందుల బీరువా అమర్చినారు. డ్రైవరుకు ముందరనున్న డాష్‌బోర్డులో రెండు సాకెట్లు కలవు. మునుపు సిగరెట్టు ముట్టించుకొనుటకై మోటారు బండ్లలో పెట్టిన గుంటలే నేడు ఫోనులకును చిన్న యంత్రములకును కరెంటు నిచ్చు సాకెట్లైనవి. కడచిన వేసవి సెలవులలో పదవ తరగతి విద్యార్థులు నలుగురితో కూడి మేము ఆ డాష్‌బోర్డు ఫలకమును విప్పి, సాకెట్లకు క్రొత్త తీగలు వేసితిమి. ఆ పని మా తప్పువలన వచ్చినదే గావున ముందుగా ఆ తప్పును చెప్పుట న్యాయము.

డిసెంబరు నెలలో ఒక గ్రామమున వైద్యశిబిరము జరిగెను. ఒక సాకెట్టుకే రెండు నోళ్ల ప్లగ్గు తగిలించి, ఒకదానికి టీకామందుల చల్లపెట్టెను, రెండవదానికి ఇన్వర్టరును కలిపితిమి. ఉబ్బసముతో వచ్చిన పసిబిడ్డకు ఆవిరిమందు పట్టు యంత్రము ఆ ఇన్వర్టరు మీదనే నడువవలసియుండెను. చల్లపెట్టె 5 ఆంపియరులు, ఇన్వర్టరు సుమారు 10 ఆంపియరులు, మొత్తము 15. సాకెట్టునకున్నది 10 ఆంపియరుల ఎర్ర ఫ్యూజు. కొంతసేపటికి అది తెగినది. మరియొకటి వేయగా అదియు తెగినది. బిడ్డ ఎగరొప్పుచుండెను, తల్లి మా ముఖము చూచుచుండెను. పెట్టెలో మిగిలినది 30 ఆంపియరుల పచ్చ ఫ్యూజు ఒక్కటే. దానిని వేసితిమి. యంత్రము నడిచినది, బిడ్డకు ఊపిరి కుదుటపడినది. మేము చాల తెలివిగల పని చేసితిమని అనుకొంటిమి.

అరగంట గడచిన పిదప ఇన్వర్టరు కూతపెట్టసాగెను. బ్యాటరీలో శక్తి తగ్గినప్పుడు అది అట్లు కూయును. మీటరు పెట్టి బ్యాటరీని చూడగా 12.4 వోల్టులున్నవి. ఇన్వర్టరును తీసివేసి, సాకెట్టు నోటిలో చూచినను అంతకు ఇంచుమించుగానే యున్నవి. “తీగ బాగానే యున్నది, ఇన్వర్టరే చెడినది” అని తీర్పు చెప్పితిమి. ఇంతలో డ్రైవరు, “మాస్టరుగారూ, ఏదో కాలిన వాసనొస్తోందండీ,” అని మాట పూర్తిచేయకమునుపే ఫ్యూజును ఊడబెరికెను. డాష్‌బోర్డు సందులోనుండి సన్నని పొగ వచ్చెను. బిడ్డయు తల్లియు అప్పటికి బండి దిగియుండలేదు. దేవుని కృపవలనను, డ్రైవరు చురుకుదనమువలనను మంట లేవలేదు.

ఇందులో తెలిసికొనవలసినది ఓము నియమమే. జర్మనీ దేశస్థుడైన గెయోర్గ్ ఓము కొలోను నగరమున బడిపంతులు. 1827వ సంవత్సరమున తన నియమమును గ్రంథరూపమున ప్రకటించెను. ఒక చదరపు మిల్లీమీటరు మధ్యచ్ఛేదముగల రాగితీగకు మీటరునకు సుమారు 0.017 ఓముల నిరోధముండును. మా బండిలో బ్యాటరీనుండి సాకెట్టునకు 4 మీటర్లు. విద్యుత్తు పోయిన దారి తిరిగి రావలెను గనుక 8 మీటర్లని లెక్కపెట్టవలెను. ఈ సంగతి పరీక్షలలో విద్యార్థులు తరచుగా మరచుదురు. మొత్తము నిరోధము సుమారు 0.14 ఓములు. 15 ఆంపియరులు ప్రవహించినప్పుడు దారిలోనే 2 వోల్టులకు పైగా పోవును. 12.4లో 2 పోగా ఇన్వర్టరునకు చేరినది 10.4కు లోపలనే. అది కూయక ఏమి చేయును? ప్రవాహము లేనప్పుడు నష్టమును లేదు గావున, ఖాళీ సాకెట్టులో మీటరు పెట్టి చూచిన మాకు తీగ నిర్దోషిగా కనబడెను. బరువు తగిలించియుండగానే కొలువవలెనని మేము తరగతిలో ఎన్నిసార్లు చెప్పియుందుమో!

ఇక వేడిమి మాట. ఆంగ్లేయుడైన జౌలు కనుగొన్నట్లు తీగలో పుట్టు వేడిమి ప్రవాహపు వర్గమునుబట్టి పెరుగును. 10 ఆంపియరులకు ఆ తీగలో సుమారు 14 వాటులు, 15 ఆంపియరులకు 31 వాటులు. ప్రవాహము ఒకటిన్నర రెట్లయిన వేడిమి రెండుంబావు రెట్లు. అదియు తీగ పొడవునను సమముగా పరచుకొన్న యెడల కొంత మేలు. ఎచ్చటనైనను వదులైన అతుకున్నయెడల అక్కడి నిరోధము హెచ్చి, వేడిమి ఆ చోటనే పోగగును. ఫ్యూజు యంత్రమును కాపాడునదని చాలమంది తలంతురు. అది ముఖ్యముగా తీగకు కావలివాడు. సన్నతీగకు పచ్చ ఫ్యూజు వేయుట కావలివానికి నిద్రమందు పెట్టుటయే. సిగరెట్టు పెట్టెలోని వెండికాగితము చుట్టి వేయువారిని గూర్చి ఏమి చెప్పుదుము!

సెలవులలో పని మొదలుపెట్టి, ముందు బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పితిమి. మా బండిలో, నేటి బండ్లన్నిటిలోవలెనే, ఇనుప దేహము ఋణధ్రువముతో కలిసియుండును. ఋణధ్రువమును విప్పునప్పుడు స్పానరు దేహమునకు తగిలినను నష్టము లేదు. ధనధ్రువమును ముందుగా విప్పబోయి స్పానరు ఇనుమునకు తగిలెనా, వందల ఆంపియరులు దానిగుండ దూకి చేయి కాల్చును. 12 వోల్టులు షాకు కొట్టవని ఉంగరములతోను గడియారములతోను దిగువారు ఈ సంగతి గమనింపవలెను. తిరిగి బిగించునప్పుడు ఋణధ్రువము చివర. మా పాత బస్సులో గాలిసంచి లేదు. నేటి కార్లలో ఫలకము వెనుక అదియు దాని పసుపుపచ్చని తొడుగుల తీగలును ఉండును. వాటిజోలికి విద్యార్థులెవరును పోరాదు.

ఫలకము విప్పుటకు బలముకన్న ఓర్పు కావలెను. కనబడు స్క్రూలు ఆరు, చిన్న మూతలక్రింద దాగినవి రెండు. అవి తీసినను ఫలకము కదలలేదు. అంచులను ప్లాస్టికు క్లిప్పులు పట్టుకొనియున్నవి. ఇనుప స్క్రూ డ్రైవరుతో పెల్లగించిన అంచు విరుగును గనుక వెదురుబద్దకు గుడ్డచుట్టి మెల్లగా లేపితిమి. స్క్రూలను విప్పిన వరుసలోనే ఇడ్లీపళ్లెపు గుంటలలో వేయవలెననునది ఒక విద్యార్థి ఆలోచన. వాని తల్లికి పళ్లెము శుభ్రముగానే తిరిగి చేరినది. ఫలకమును ఒక్కసారిగా లాగక, చేయి వెనుకకు పోనిచ్చి ఒక్కొక్క ప్లగ్గును ఊడదీసి, ప్రతి తీగకు కాగితపు చీటి కట్టి, ఫోనుతో పటము తీసికొంటిమి.

అప్పుడు కనబడినది ఆ తీగ. ఎవరో ఏనాడో రెండు తీగలను మెలిపెట్టి టేపు చుట్టియుండిరి. టేపు బొగ్గైనది, తీగపై తొడుగు జానెడు పొడవున కరగి ప్రక్కతీగకు అంటుకొనియున్నది, దానిపైన నురుగుమెత్త గోధుమరంగునకు మాడియున్నది. విద్యార్థులు మాటలాడలేదు. మేమును మాటలాడలేదు.

క్రొత్తగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగను, పోవుటకొకటి వచ్చుటకొకటి, మధ్య అతుకు లేకుండ లాగితిమి. అదే లెక్క వేసినచో నిరోధము 0.034 ఓములు, 15 ఆంపియరులకు నష్టము అరవోల్టు. 20 ఆంపియరుల పసుపు ఫ్యూజును బ్యాటరీ ప్రక్కనే, జానెడు దూరములో పెట్టితిమి. దూరముగా పెట్టినచో బ్యాటరీకిని ఫ్యూజునకును నడుమనున్న తీగకు కాపుదల యుండదు. డాష్‌బోర్డు దగ్గర తీగ రెండు పాయలై, ఒక్కొక్క సాకెట్టు తన 10 ఆంపియరుల ఫ్యూజుగుండ పోవును. సాకెట్టు నడిబొడ్డు ధనధ్రువము, చుట్టునున్న గొట్టము ఋణధ్రువము. ఇది తారుమారైన సున్నితమైన యంత్రములు చెడును. ఇనుపరేకు రంధ్రముగుండ తీగ పోవు చోట రబ్బరు గుబ్బ పెట్టితిమి, లేనియెడల బండి కుదుపునకు రేకంచు తొడుగును కోయును. ఇన్వర్టరును సాకెట్టునుండి తప్పించి, వేరు తీగతో వేరు ఫ్యూజుతో బ్యాటరీకే కలిపితిమి. ఆ పని అనుభవముగల ఎలక్ట్రీషియను వచ్చి చూచినారు.

చల్లపెట్టెను నడిపించుచు సాకెట్టులో కొలువగా బ్యాటరీకిని సాకెట్టునకును భేదము పావు వోల్టుకు లోపలనే యుండెను. ఫలకమును బిగించునప్పుడు క్లిప్పులు రెండు విరిగినవి, బజారులో దొరికినవి. ఏ ఫ్యూజు ఎంతటిదో చీటి వ్రాసి ఫ్యూజుపెట్టె మూతలోపల అంటించితిమి. పచ్చ ఫ్యూజు బండిలో లేదు. మాడిన తీగముక్క విజ్ఞానశాల బీరువాలో రెండవ అరపై సీసాలో నున్నది. తలిదండ్రులును వచ్చి చూడవచ్చును.