మూడ్ జబ్బు ఉన్నవారికి ఎలాంటి పని నప్పుతుంది?

“సిస్టరమ్మా, నలుగురితో మాట్లాడే పని నావల్ల కాదు. ఒక మూల కూర్చుని చేసుకునే పని ఏదైనా చెప్పండి.” బైపోలార్ జబ్బుకు మందులు వాడుతూ కాస్త తేరుకున్నవారు తరచు అడిగే మాట ఇది. అడగడం సబబే. ఈ జబ్బులో కొన్నాళ్లు మనసు ఉరకలు వేస్తుంది, నిద్ర అక్కర్లేదనిపిస్తుంది, డబ్బు నీళ్లలా ఖర్చవుతుంది. మరికొన్నాళ్లు మంచం దిగబుద్ధి కాదు. ఇవి దాటి వచ్చిన మనిషికి బేరాలు, గొడవలు బరువుగానే ఉంటాయి.

అయితే పనిలో ఎంతమంది ఉన్నారని చూసే ముందు, ఆ పని మీ నిద్రను ఏం చేస్తుందో చూడండి. నిద్ర చెడితే ఉద్రేక దశ తిరగబెట్టవచ్చు. పరవాడ, అచ్యుతాపురం వైపు కంపెనీ ఉద్యోగాలకు వెళ్లేవారు షిఫ్టుల సంగతి ముందే అడగాలి. యంత్రం దగ్గర ఒక్కరే నిలబడే పనైనా, రాత్రి షిఫ్టు మీకు మంచిది కాదు. మాట్లాడేవారు ఉండరని కొందరు నైట్ వాచ్‌మన్‌గా చేరతారు, అదీ వద్దు. డాక్టరుగారితో ఉత్తరం రాయించుకుని పగటి డ్యూటీ అడగండి.

లిథియం బిళ్లలు వాడేవారికి వేడి ఇంకో చిక్కు. బెల్లం వండే పొయ్యి దగ్గర గంటల తరబడి చెమటోడిస్తే, ఒంట్లో నీరు, ఉప్పు తగ్గి రక్తంలో లిథియం పెరిగిపోవచ్చు. ఒళ్లు నొప్పులకని మందుల షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బిళ్లలు కూడా దాన్ని పెంచుతాయి. బి.పి. ఉందని ఒక్కసారిగా ఉప్పు మానేసినా అంతే. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనిపిస్తే తర్వాతి బిళ్ల వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి రండి.

మరి ఏ పని? ఇంట్లో జాకెట్లు కుట్టడం, నర్సరీలో నీడపట్టున మొక్కల పని, బెల్లం కొట్లో వేలం గోలకు దూరంగా పద్దులు రాయడం. మన జిల్లాలోనే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను తిప్పుతూ లక్క రంగులద్దే ఆ బొమ్మల పనిలో చేతికే గాని నోటికి పెద్దగా పని లేదు. కాకపోతే కొత్త మందు మొదలుపెట్టిన రోజుల్లో మత్తుగా ఉంటుంది, అప్పుడు తిరిగే యంత్రం దగ్గరకు పోవద్దు. ఏ పనైనా మొదట రోజుకు రెండు మూడు గంటలు చేసి చూడండి.

బొత్తిగా మనుషులే లేని పని మాత్రం నేను చెప్పను. నిద్ర తగ్గిందనో, మాట పెరిగిందనో ముందు పసిగట్టేది పక్కవారే. అందరికీ చెప్పనక్కర్లేదు. యజమానికో, నమ్మకమైన ఒక్క తోటిపనివారికో తెలిస్తే చాలు. ఇదివరకు నలుగురిలో తిరిగే మనిషికి ఇప్పుడు హఠాత్తుగా ఎవరూ వద్దనిపిస్తుంటే, అది పని వెతుక్కునే సమయం కాదు, డాక్టరును కలిసే సమయం కావచ్చు. అలాగే ఉత్సాహం పొంగిన రోజుల్లో అప్పుచేసి వ్యాపారం పెట్టకండి, దిగులు రోజుల్లో ఉద్యోగానికి రాజీనామా రాయకండి.

2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక రుగ్మతను కూడా వైకల్యంగా గుర్తించింది. వైకల్యం 40 శాతానికి తగ్గలేదని మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తే ప్రభుత్వోద్యోగ రిజర్వేషన్‌కు అర్హత ఉంటుంది. ఈ సర్టిఫికెట్ తీసుకోవడానికి సిగ్గుపడేవారే ఎక్కువ. మందుల విషయంలో సందేహం వస్తే విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లవచ్చు. అంత దూరం వెళ్లలేనివారు టెలీమానస్ 14416 నంబరుకు రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.