నల్లగుడ్డుకి చిల్లి పడితే

సర్వేంద్రియాణాం నయనం ప్రధానమని పెద్దలు అననే అన్నారు. కాని మన డెల్టాలో కుప్పనూర్పుల వేళ ఆ మాట ఎవరికి గుర్తుంటుంది? కంట్లో వరి ఆకు గీసుకున్నా, కొబ్బరి ఈనె పొడుచుకున్నా ఇంత ఆముదమో చనుబాలో వేసి మళ్లీ పనిలోకి దిగడమే.

కంటి ముందుభాగంలో గడియారం అద్దంలా ఉండే పొరను కార్నియా అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో శుక్లపటలం. నల్లగా కనబడేది దాని వెనక ఉన్న ఐరిస్ అనే రంగుపొర వల్లనే. కార్నియా మధ్యభాగం మందం సుమారు అర మిల్లీమీటరు. దానిలో రక్తనాళాలు లేవు. అందుకే అది అంత స్వచ్ఛం, అందుకే దాని గాయం మానడమూ ఆలస్యం. వెనక నేత్రోదకమనే నీరు కొద్దిపాటి ఒత్తిడితో నిలిచి ఉంటుంది.

పొరకి చిల్లి పడితే ఆ నీరు బయటికి కారుతుంది. గట్టుకి గండి పడినప్పుడు కొట్టుకొచ్చిన గడ్డి అడ్డం పడ్డట్టు, ఐరిస్ వచ్చి ఆ చిల్లికి అడ్డం పడుతుంది. గుండ్రని కంటిపాప కన్నీటి చుక్కలా సాగుతుంది. చూసేవారు ఏదో నల్లటి నలుసు పడిందనుకుని తుండుగుడ్డ కొసతో తీయబోతారు. అది నలుసు కాదు, కంటి లోపలి భాగం! అలాంటప్పుడు నలపకూడదు, కడగకూడదు, గుచ్చుకున్నది పీకకూడదు. కంటిని తాకకుండా ఏ కాగితపు కప్పు అడుగుభాగమో చుట్టూ ఎముక మీద ఆనేలా కట్టి, ఆ రోజే కాకినాడ పెద్దాసుపత్రి వంటి చోటికి చేర్చాలి. మత్తు ఇవ్వవలసి రావచ్చు గనుక దారిలో ఏమీ తినిపించకూడదు.

వైద్యులు మైక్రోస్కోపు కింద ఐరిస్‌ను మెల్లగా లోపలికి నెడతారు. చచ్చుబడిన ముక్కైతే కత్తిరిస్తారు. తెగిన అంచులు కలిపి, వెంట్రుకలో సగం మందమైనా లేని నైలాన్ దారంతో కుడతారు. సూది పొర మందంలో చాలావరకు దిగాలి, పొర దాటి లోపలికి పోకూడదు. కుట్టు మరీ బిగిస్తే పొర వంకర తిరిగి చూపు చెదురుతుంది, వదులైతే నీరు కారుతుంది. ఆఖరున ఫ్లోరెసిన్ అనే రంగు వేసి నీలికాంతిలో చూస్తారు. ఆకుపచ్చ ధార కనబడితే ఇంకా కారుతున్నట్టే. కుట్టడానికి అంచులు లేని చిన్న చిల్లి, రెండు మూడు మిల్లీమీటర్ల లోపుదైతే, సయనోఅక్రిలేట్ జిగురు పెట్టి పైన మెత్తని కాంటాక్టు లెన్సు అమరుస్తారు. వినడానికి సైకిలు ట్యూబుకి పంక్చరు వేసినట్టుంటుంది గాని పని చేస్తుంది. అంతకు మించితే దాత కార్నియా ముక్క అతకవలసిందే.

వరి ఆకు గీతతో ఆ రోజే చిల్లి పడదు. ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ వంటి బూజులు ఆ గీతలో చేరి తెల్లటి పుండై, పొరను మెల్లగా తినేస్తాయి. మందులషాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు ఇక్కడే కొంప ముంచుతాయి: ఎరుపు తగ్గుతుంది, బూజు పెరుగుతుంది. దీనికి తగిన మందు నాటమైసిన్. వోరికొనజోల్ కంటె ఇదే మేలని మదురై అరవింద్ ఆసుపత్రి పాలుపంచుకున్న పరిశోధన 2013లో తేల్చింది.

కార్నియా మార్పిడి మొదట ఫలించింది 1905 డిసెంబరు 7న, నేటి చెక్ దేశంలోని ఓలోమౌట్స్‌లో. సున్నం పడి చూపుపోయిన ఒక కూలివానికి, ఇనుప రవ్వలు గుచ్చుకుని తీసేయవలసి వచ్చిన ఒక బాలుని కంటి కార్నియాను ఎడ్వర్డ్ జిర్మ్ అతికాడు. మన తెలుగునాట 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో నెలకొల్పిన ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్యసంస్థ ఈ శస్త్రచికిత్సకు పేరుపొందింది. ఆ సినిమా ప్రసాద్‌గారు మన ఏలూరు దగ్గరి సోమవరప్పాడువారే. విజయవాడ పక్కన తాడిగడపలో కూడా సంస్థ శాఖ ఉంది.

అతకడానికి కార్నియా మాత్రం చనిపోయినవారి నుంచే రావాలి, అదీ ఆరు గంటల లోపుగా. కళ్లజోడు ఉన్నవారూ, శుక్లాల ఆపరేషన్ అయినవారూ ఇవ్వవచ్చు. నేత్రనిధివారు వచ్చేలోగా ఫ్యాను ఆపి, తల కింద దిండు ఎత్తుపెట్టి, మూసిన రెప్పల మీద తడి దూది ఉంచాలి.