సైకిలుకు ఏ దారి మంచిది?

గుణదలలో ఒక అక్క ఉంది అనుకోండి. రామవరప్పాడులో పనికి పోవాలి. ఆటోకు రోజూ డబ్బు కావాలి. ఇంట్లో సైకిలు ఉంది. తొక్కడం వచ్చు. కానీ రోడ్డంటే భయం.

ఆడవాళ్లు సైకిలు తొక్కడం కొత్త కాదు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో చదువుతోపాటు సైకిలు కూడా నేర్పారు. వేలమంది ఆడవాళ్లు నేర్చుకున్నారు. అవి ఎక్కువగా పల్లెలు. పట్నంలో అయితే ముందు దారిని చూసుకోవాలి.

అక్క కాగితం, పెన్సిలు తీసుకుని ఆ దారిన నడవాలి. ఐదు సంగతులు చూడాలి.

1. వేగం: గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 8 మీటర్లు దాటుతుంది. వేగం రెండింతలైతే, బ్రేకు వేశాక ఆగడానికి నాలుగింతల దూరం పడుతుంది. అందుకే బండ్లు దూసుకుపోయే రోడ్డు ప్రమాదం.

2. చోటు: ఎడమ పక్కన సైకిలుకు చోటుందా? అక్కడ ఆటోలు ఆగి ఉంటే సైకిలు రోడ్డు మధ్యకు పోవాల్సి వస్తుంది.

3. నేల: గుంతలు, ఇసుక ఉన్నాయా? మురుగు కాలువకు మూత ఉందా? మూత చువ్వలు దారి పొడవునా ఉంటే సందులో చక్రం ఇరుక్కుంటుంది.

4. దాటే చోటు: సిగ్నలు ఉందా? కాలువ వంతెన ఇరుకా?

5. వెలుతురు: తిరిగొచ్చే వేళకు చీకటి పడితే వీధి దీపాలు వెలుగుతాయా?

బాగున్న ప్రతిదానికి ఒక మార్కు. పెద్ద రోడ్డుకు ఒక లెక్క, లోపలి వీధికి ఒక లెక్క వేయాలి.

ఒక్కసారి చూస్తే చాలదు. ఏలూరు రోడ్డు తెల్లవారుజామున ఒకలా, ఆఫీసుల వేళ ఒకలా ఉంటుంది. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాలకు జనం వచ్చినప్పుడు మరోలా ఉంటుంది.

కాస్త చుట్టయినా మార్కులు ఎక్కువ వచ్చిన దారే మంచిది. రెండు దారులకూ తక్కువ వస్తే? సైకిలు మూలన పెట్టక్కర్లేదు. "ఫలానా వీధిలో, ఫలానా చోట కాలువకు మూత లేదు" అని అర్జీ రాయాలి. ఇరుగు పొరుగు ఆడవాళ్లంతా సంతకాలు చేయాలి. విజయవాడ నగరపాలక సంస్థలో ఇవ్వాలి. నకలు మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోవాలి.

వేలిముద్ర వేసిన చేయి ఇప్పుడు అర్జీ రాస్తుంది. ఆ చదువు ఇలాంటి పనికే.

చెప్పండి
1. ఆగిన ఆటోల వల్ల సైకిలుకు ఏం ఇబ్బంది?
2. ఒకే రోడ్డును వేరు వేరు వేళల్లో ఎందుకు చూడాలి?

రాయండి
మీ వీధికి ఐదింటిలో ఎన్ని మార్కులు? తగ్గినవాటిలో ఒకదాని గురించి రెండు వాక్యాల అర్జీ రాయండి. కింద సంతకం చేయండి.