బొచ్చుకుక్కను ఇంటికి తెచ్చే ముందు

కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు మనం పామెరేనియన్ అని పిలిచే తెల్ల బొచ్చుకుక్క చాలా ఇళ్లలో నిజానికి ఇండియన్ స్పిట్జ్. ఇంగ్లీషువాళ్ల కాలంలో జర్మన్ స్పిట్జ్ సంతతి నుంచి మన దేశంలో పెంచిన జాతి ఇది. 1994 నాటి హిందీ సినిమా 'ప్రేమాలయం' పేరుతో తెలుగులో ఆడినప్పుడు అందులోని బొచ్చుకుక్క టఫీని చూసి, అసొంటిదే కావాలని పిల్లలు మారాం చేసిన ఇళ్లు ఎన్నో. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. అడిగేవాళ్లకు నేను చెప్పే మాటలు ఇవి.

1. అది బొమ్మ కాదు, కాపలా కుక్క. దీని పూర్వీకులు చలిదేశాల్లో మందలను, ఇళ్లను కాసిన పెద్ద కుక్కలు. విక్టోరియా రాణి 1888లో ఇటలీ నుంచి ఒక చిన్న పామెరేనియన్‌ను తెచ్చుకున్నాక చిన్నవాటికే గిరాకీ పెరిగింది. ఒళ్లు తగ్గింది గానీ పౌరుషం తగ్గలేదు. ఆరు కిలోల కుక్క వీధికుక్కల గుంపు మీదికి ఉరుకుతుంది, తాడు లేకుండా గేటు దాటించొద్దు. గోదావరిఖని, మందమర్రి క్వార్టర్లలో నైట్ షిఫ్ట్ చేసొచ్చిన మనిషి పగలు పడుకుంటే, కూరగాయల బండి కేక వినగానే ఇది లేచి మొరుగుతుంది. అప్పుడు దాని మీద అరవకండి, మీరూ దానితో కలిసి మొరుగుతున్నారనుకుంటుంది. రెండుసార్లు మొరగనిచ్చి, మెల్లగా 'చాలు' అని, ఊరుకోగానే చిన్న ముక్క పెట్టండి. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. తాత 'చాలు' అని, మనవడు 'హుష్' అంటే అది ఎవరిమాటా వినదు.

2. ఎండకాలమే అసలు పరీక్ష. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే దాని దారి. అందుకని బొచ్చు మొత్తం గొరిగించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. దానికి పైన పొడవు బొచ్చు, లోపల మెత్తటి బొచ్చు, రెండు పొరలు. పైపొర ఎండను నేరుగా తోలుకు తగలనివ్వదు. గొరిగితే తోలు మాడుతుంది, కొన్నిటికి బొచ్చు మళ్లీ సరిగా రాదు. రోజూ దువ్వి, రాలిన లోపలి బొచ్చు తీసేస్తే గాలి ఆడుతుంది. తిప్పడం పొద్దున ఏడులోపు, మళ్లీ చీకటి పడ్డాకనే. రోడ్డు మీద మీ అరచెయ్యి వెనకవైపు ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని కాళ్లూ ఆగలేవు. ఆగకుండా రొప్పుతూ, నోట్లో జొల్లు చిక్కబడి తూలుతుంటే వడదెబ్బే. మామూలు నీళ్లతో పొట్ట, తొడలు, పాదాలు తడిపి, ఫ్యాను గాలి తగలనిచ్చి, అటునుంచి అటే పశువుల దవఖానకు తీసుకుపోండి. ఆదిలాబాద్ చలి మాత్రం దీనికి పండుగ. ముసలిదాన్ని, పిల్లను మాత్రం ఆ రాత్రులు గచ్చు మీద పడుకోబెట్టకండి.

3. మన కూర దానికి విషం కావచ్చు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ దాని నెత్తుటి కణాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ కూడా ఒద్దు. ఉడికించిన కోడి బొక్కలు చీలి పేగులకు గుచ్చుకుంటాయి. ఉప్పూకారం లేని అన్నం, ఉడికించిన గుడ్డు, ఎముక తీసిన కోడిమాంసం, నానబెట్టిన జొన్నరొట్టె ముక్క సరిపోతాయి. బంధువు వచ్చినప్పుడల్లా బిస్కెట్ పెడితే ఒళ్లు పెరిగి మోకాలి చిప్ప జారే బాధ ముదురుతుంది. ఈ చిన్న జాతుల్లో అది మామూలు బాధ.

4. మెడపట్టీ బదులు రొమ్ముపట్టీ కట్టండి. చిన్న స్పిట్జ్‌ల గాలిగొట్టం మెత్తగా ఉంటుంది, మెడ గుంజితే బాతు అరిచినట్టు దగ్గు వస్తుంది.

5. గోమార్లను తేలిగ్గా తీసుకోవద్దు. దట్టమైన బొచ్చులో, చెవుల వెనక, వేళ్ల సందుల్లో దాక్కుంటాయి, గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి. వాటితో వచ్చే జ్వరంలో కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు తెల్లబడతాయి, ఒక్కోసారి ముక్కు నుంచి నెత్తురు కారుతుంది. డాక్టరు రాసిన గోళీలు నాలుగు వారాలు వాడమంటే నాలుగు వారాలూ వాడండి. బర్రెలకు కొట్టే గోమార్ల మందు అంచనాగా కలిపి దీని మీద పోస్తే గోమార్లతో పాటు కుక్కా పోతుంది. మనుషుల జ్వరం గోళీ కూడా అంతే ప్రమాదం. దీని ఒళ్లు మామూలుగానే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది, చెయ్యి పెట్టి జ్వరమనుకోకండి.

6. టీకాలు తప్పనిసరి. పార్వో, డిస్టెంపర్ టీకాలు ఆరేడు వారాల వయసు నుంచి మొదలు, రేబిస్‌ది మూడు నెలలు నిండాక, ఆ తర్వాత ఏటేటా. ఇంటి కుక్కే కదా అని కాటును వదలకండి. సబ్బుతో, పారే నీళ్లలో పదిహేను నిమిషాలు కడిగి దవఖానకు పోవాలి. వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు పేరిట ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ ఒకటి కోరుట్లలోనే ఉంది. జగిత్యాల దిక్కువాళ్లు హైదరాబాద్ పరుగెత్తక ముందు అక్కడ అడగండి.

7. ఇది పన్నెండు నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది. పదో తరగతి పిల్లాడు ముచ్చటపడి తెచ్చిన కుక్క, వాడు ఉద్యోగానికి హైదరాబాద్ పోయాక అమ్మానాన్నల మీద పడుతుంది. మేడిగడ్డ దిక్కో, అంగడి దగ్గరో వదిలేసిన బొచ్చుకుక్క వీధికుక్కల నడుమ నిలవలేదు. ఈ ఇంట్లో పదిహేనేళ్లు దీన్ని ఎవరు చూస్తారో కొనేముందే మాట్లాడుకోండి. జవాబు దొరకకపోతే కొనకండి.