గోడమీది నాచు – గింజలోని ప్రాణం

ఎండిన మొక్కకు నీరు పోసినా బ్రతకదు. ఎండిన గింజకు నీరు పోస్తే మొలుస్తుంది. ఈ భేదమేమిటని ఒంగోలులో గృహిణులు నన్ను తరచు అడుగుతుంటారు. సమాధానం మన పెరటి గోడమీదనే ఉన్నది.

నేను చెప్పే నాచు చెరువులో తేలే పాచి కాదు. తడిగోడలపై పచ్చని మెత్తవలె పరచుకొనే చిరుమొక్క. దీనికి పువ్వూ, విత్తనమూ లేవు. ఇటువంటి నాచులు పలుజాతులు వేసవిలో నల్లబడి పొడిబారి, వాన పడగానే తిరిగి పచ్చబడతాయి.

1981లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయంలో లియోన్ డ్యూర్ బృందం మన పొలాలకు సుపరిచితమైన పత్తిగింజనే పరీక్షించింది. గింజ ముదిరి ఎండబోయే దశలో కొన్ని మాంసకృత్తులు సమృద్ధిగా పుడతాయని గుర్తించింది. వీటిని ఎల్‌ఈఏ మాంసకృత్తులు అంటారు. నీరు తరిగినప్పుడు కణంలోని తక్కిన మాంసకృత్తులు ముద్దకట్టకుండా, కణపు పొరలు చెడకుండా ఇవి కాపాడతాయి.

2008లో ఫిస్కోమిట్రెల్లా అనే నాచు జన్యుక్రమం వెలువడింది. అందులోనూ ఈ కుటుంబాలే కనిపించాయి! వీటి ఉత్పత్తిని నడిపే ఏబీఐ3 అనే మాంసకృత్తి కూడ రెండింటిలోనూ ఉన్నది. నాచులోని ఏబీఐ3ని, అది లోపించిన అరబిడాప్సిస్ అనే ఆవజాతి మొక్కలో ప్రవేశపెట్టగా, ఆ లోపాన్ని కొంతవరకు పూరించింది. 45 కోట్ల ఏండ్లకు పూర్వమే విడిపోయిన జ్ఞాతుల మధ్య ఇంత పోలిక!

అయితే వినియోగంలో భేదమున్నది. నాచు ఈ రక్షణను ఆకులోనే ఉంచుకొన్నది. పూలమొక్కలు చాలావరకు గింజకు, పుప్పొడికి పరిమితం చేశాయి. మొలక వేరు వెలుపలికి రాగానే గింజకు ఆ శక్తి నశిస్తుంది. చాలినంత పదును లేకుండా విత్తిన పత్తి చిరుజల్లుకు మొలిచి, తరువాతి బెట్టకు మాడిపోవడం మన ప్రకాశం రైతుకు తెలిసిన కష్టమే. దానికి మూలం ఇదే.

కనుక గృహిణులు గమనించవలసినవి:

1. పెరటి విత్తనాలను నీడలో బాగా ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో చల్లనిచోట దాచండి.

2. మొలకెత్తిన శనగలు, పెసలు ఆరబెట్టి వంటకు వాడుకోవచ్చును; విత్తనానికి మాత్రం ఉంచకండి.

3. మాంసకృత్తులు ఒకే కుటుంబానికి చెందినంత మాత్రాన గుణాలన్నీ ఒకటి కావు. గోడమీది నాచును ఔషధమని భావించి సేవించరాదు.