దుకాణం మూతపడినా పొయ్యి ఆరకూడదు
మహమ్మారి కాలంలో చిరువ్యాపారులు, వారి పనివారి పట్ల మన బాధ్యత

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఆ తర్వాత నెల రోజుల పాటు శ్రీకాకుళం జిల్లాలో ఒక్క కరోనా కేసు కూడా లేదు. ఏప్రిల్ 25న జిల్లాలో తొలి మూడు కేసులు బయటపడ్డాయి. అవి మన పాతపట్నం మండలానివే. రమజాన్ తొలి ఉపవాసం కూడా ఆ రోజే.

మహేంద్రతనయ ఒడ్డున ఉన్న పర్లాకిమిడి మనకు పక్క ఊరు. కానీ అది ఒడిశా. మామూలు రోజుల్లో ఆ తేడా మన బజారుకు తెలియదు. అటువాళ్లు ఇటు వచ్చి కొంటారు, ఇటువాళ్లు అటు వెళ్లి కొంటారు. లాక్‌డౌన్‌లో రాష్ట్రాల సరిహద్దులు మూసేసరికి ఆ రాకపోకలు నిలిచిపోయాయి. పెళ్లిళ్ల కాలం, రమజాన్ కలిసివచ్చిన ఆ ఏప్రిల్, మే నెలల మీదే బట్టల వ్యాపారి, దర్జీ, గాజులమ్మేవారు, పరుపులు కుట్టేవారు ఏడాదంతా ఆశ పెట్టుకున్నారు. ఆ ఏడు ఆ కాలమంతా తాళాల వెనకే గడిచింది. మరుసటి ఏడు 2021 మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 గంటల తర్వాత కర్ఫ్యూ పెట్టారు. మే 14న ఈద్. అంటే వరుసగా రెండు పండుగల బేరం పోయింది.

ఆ రోజుల్లో బియ్యం, పప్పు పంచినవారు ఎందరో ఉన్నారు. అల్లాహ్ వారికి మంచి ప్రతిఫలం ఇవ్వుగాక. అయితే పంచిన బియ్యం వారం రోజులకు సరిపోతుంది. దుకాణం నిలబడితే అందులో పనిచేసే ఇద్దరు ముగ్గురి ఇళ్లలో ఏడాది పొడవునా అన్నం ఉడుకుతుంది. కాబట్టి చిరువ్యాపారాన్ని కాపాడటం ఎలాగో ధర్మం వెలుగులో నేర్చుకోవడం మనకు అవసరం.

జీతం దానం కాదు

ముందు తెలుసుకోవలసింది ఇది. పనివాడి చెమట ఆరకముందే అతని కూలి ఇచ్చేయమని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆదేశించారు. చేసిన పనికి జీతం పనివాడి హక్కు. మార్చిలో 24 రోజులు పని చేసినవారికి ఆ 24 రోజుల జీతం పూర్తిగా ఇవ్వాలి. బాకీ ఉన్న జీతాన్ని ఇచ్చి దాన్ని జకాత్ లెక్కలో వేసుకోవడం చెల్లదు. ఒకరి హక్కును వారికే దానంగా ఇవ్వలేము.

మరి దుకాణం మూసిన రోజుల మాటేమిటి? జీతాలు కోయవద్దని కేంద్ర హోం శాఖ 2020 మార్చి 29న ఉత్తర్వు ఇచ్చింది. మే 18 నుంచి దాన్ని ఉపసంహరించుకుంది. యజమానులు, పనివారు కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలని సుప్రీంకోర్టు జూన్ 12న చెప్పింది. పెద్ద కంపెనీలలో మాట్లాడటానికి సంఘాలున్నాయి, కాగితాలున్నాయి. ఇద్దరు పనివారున్న దుకాణంలో జీతం ఎంతో చెప్పే చీటీ కూడా ఉండదు. అక్కడ మాట్లాడించడానికి పెద్దమనుషులు కావాలి. ఆ పని మసీదు కమిటీలు, మనలాంటి సొసైటీలు చేయగలవు.

జకాత్ ఎవరికి? ఖర్జె హసన ఎవరికి?

మూతపడిన దుకాణంలో యజమానికీ పనివాడికీ ఇద్దరికీ కష్టమే. కానీ పనివాడి కష్టం ఆకలి, యజమాని కష్టం అప్పు. రెండింటికీ ఒకే మందు పనికిరాదు.

జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయతులో పేర్కొంది. అందులో నిరుపేదలు, అక్కరగలవారితో పాటు అప్పులలో కూరుకుపోయినవారు కూడా ఉన్నారు. హనఫీ పండితుల లెక్కలో సుమారు 612 గ్రాముల వెండి విలువ నిసాబ్. అవసరాలకు మించి అంత ఆస్తి లేని పనివాడికి జకాత్ ఇవ్వవచ్చు. యజమాని విషయంలో లెక్క చూడాలి. కుట్టుమిషను, తక్కెడ, బీరువా వంటి పనిముట్లు ఆ లెక్కలోకి రావు. అమ్మకానికి ఉంచిన సరుకు వస్తుంది. అప్పులు పోను మిగిలింది నిసాబ్ కంటే తక్కువైతే అతనికీ జకాత్ తీసుకునే అర్హత ఉంటుంది. ఎక్కువైతే జకాత్ కాదు, ఖర్జె హసన ఇవ్వాలి. అంటే వడ్డీ లేని అప్పు. దీనివల్ల ఆయన మర్యాద నిలుస్తుంది, నిరుపేదల సొమ్ము నిరుపేదలకే మిగులుతుంది.

మన బజారులో పనిచేసేవారు అన్ని మతాలవారూ ఉన్నారు. జకాత్ ముస్లిములకే అని ఎక్కువమంది పండితుల మాట. సదఖాకు ఆ పరిమితి లేదు. అందుకే జకాత్ ఖాతా, సదఖా ఖాతా వేర్వేరుగా పెట్టుకోవాలి. అప్పుడు ఏ పనివాడి ఇంటినీ వదిలిపెట్టే పని ఉండదు.

ఒక లెక్క

ఒక చిన్న బట్టల దుకాణం అనుకుందాం. నెలకు అద్దె 6,000, ఇద్దరు పనివారికి చెరి 8,000, కరెంటు 1,000. మొత్తం 23,000 రూపాయలు. రెండు నెలలు మూస్తే 46,000.

ఇంటి యజమాని అద్దె సగం వదులుకున్నాడు. పనివారు ఆ రెండు నెలలకు సగం జీతానికి ఒప్పుకున్నారు. అప్పుడు దుకాణదారుకు కావలసింది అద్దెకు 6,000, జీతాలకు 16,000, కరెంటుకు 2,000, కలిపి 24,000. అది ఖర్జె హసనగా ఇస్తే, దుకాణం తెరిచాక నెలకు 2,000 చొప్పున ఏడాదిలో తీర్చగలడు. జీతం సగమైన ఇద్దరి ఇళ్లకు నెలకు 3,000 చొప్పున జకాత్ నుంచో సదఖా నుంచో ఇస్తే రెండు నెలలకు 12,000 అవుతుంది. సొసైటీ నిజంగా ఖర్చు పెట్టింది ఆ 12,000 మాత్రమే. తిరిగి వచ్చే 24,000 మరో దుకాణాన్ని నిలబెడుతుంది. నలుగురూ తలా కొంత భారం మోస్తే ఎవరి నడుమూ విరగదు.

ప్రభుత్వ సాయం ఎంతవరకు చేరింది?

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం న్యాయం కాదు. బ్యాంకు వాయిదాలకు రిజర్వు బ్యాంకు 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు విరామం ఇచ్చింది. కానీ అది మాఫీ కాదు, వడ్డీ నడుస్తూనే ఉంది. ఏడాదికి 12 శాతం వడ్డీకి లక్ష తీసుకున్నవారికి ఆరు నెలల్లో ఆరు వేలు పెరిగింది. చిన్న పరిశ్రమలకు, వ్యాపారాలకు 3 లక్షల కోట్ల హామీ రుణాలు ప్రకటించారు. అయితే అవి అప్పటికే బ్యాంకులో అప్పున్నవారికి, ఆ బాకీలో 20 శాతం మేరకు ఇచ్చినవి. చేబదుళ్లతో నడిచే దుకాణానికి, వడ్డీకి భయపడి బ్యాంకు గడప తొక్కని వ్యాపారికి అవి అందలేదు.

మన రాష్ట్రంలో 2020 జూన్‌లో జగనన్న చేదోడు కింద దర్జీలకు, రజకులకు, నాయీ బ్రాహ్మణులకు 10,000 చొప్పున ఇచ్చారు. నవంబరులో జగనన్న తోడు కింద తోపుడుబండ్లవారికి, చిరువ్యాపారులకు 10,000 వడ్డీ లేని రుణాలు వచ్చాయి. ఇవి మేలు చేశాయి. కానీ దుకాణంలో జీతానికి పనిచేసే కుర్రవాడు వీటిలో ఏ జాబితాలోనూ లేడు. అసంఘటిత కార్మికుల కోసం ఈ-శ్రమ్ నమోదు మొదలైంది 2021 ఆగస్టులో. అప్పటికి రెండు అలలూ దాటిపోయాయి. ఆ ఖాళీని పూడ్చవలసింది ఊరివారే.

వాన రాకముందే గట్టు

హిజ్రీ 18లో కరువు వచ్చినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఆ ఏడు జకాత్ వసూలును వాయిదా వేశారని చరిత్ర చెబుతుంది. అప్పు తీసుకున్నవాడు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగేవరకు గడువివ్వమని, వదిలేస్తే ఇంకా మేలని ఖుర్ఆన్ (బఖరా 280) బోధిస్తోంది. కష్టకాలంలో గడువు కూడా ఒక దానమే. అద్దెకిచ్చినవారు, టోకు వ్యాపారులు, అరువిచ్చినవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మళ్లీ అలాంటి రోజు రాకూడదని దుఆ చేద్దాం. వస్తే మాత్రం చేతులు ఖాళీగా ఉండకూడదు. అందుకు ఇప్పుడే చేయదగినవి కొన్ని:

1. ఖర్జె హసన నిధిని వేరుగా పెట్టి, దాన్ని పండుగ ఖర్చులకు వాడకుండా ఉంచాలి.
2. ప్రతి అప్పునూ సాక్షులతో రాసుకోవాలి. బఖరా 282లోని ఆదేశం అదే. రాత వల్ల స్నేహం చెడదు, నిలుస్తుంది.
3. ప్రతి దుకాణదారు పనివారి పేర్లు, జీతాలు, ఇచ్చిన తేదీలు ఒక పుస్తకంలో రాయాలి. పనివారిని ఈ-శ్రమ్‌లో నమోదు చేయించాలి.
4. అవసరం ముంచుకొచ్చినప్పుడు స్తోమతగలవారు వచ్చే ఏటి జకాత్ ముందుగానే ఇవ్వవచ్చు. హజ్రత్ అబ్బాస్ (రజి)కు దైవప్రవక్త (స) ఇందుకు అనుమతి ఇచ్చారు.
5. సాయం అందుకునేవారి ఫొటోలు తీయవద్దు. నిన్నటిదాకా పదిమందికి పెట్టిన చేయి అది.

యజమానుల సరుకులో బర్కత్‌ను, పనివారి కష్టంలో గౌరవాన్ని, మనందరి మనసుల్లో పక్కవాడి పొయ్యి గురించిన చింతను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.