ఇంట్లో చిన్నపిల్లలతో అచ్చుల ఆట

సంక్రాంతికో వేసవి సెలవులకో మనం ఇంటికి చేరగానే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మన పుస్తకాల మీద పడతారు. చిరిగిపోతాయని మనమే లాక్కుంటాం. అమ్మానాన్నలు తెల్లారకముందే కూలికి వెళ్ళిపోయే ఇళ్ళలో మూడు, నాలుగేళ్ళ పిల్లల చేత పలక పట్టించే మనిషి ఉండడు. అలాంటి పిల్ల బడిలో చేరిన రోజున బలపం జారుతుంది, గీత వంకర పోతుంది, పక్కపిల్లలు నవ్వుతారు. ఆ తరువాత బడి అంటేనే బెదురు. అందుకే మిత్రులారా, బలపం కన్నా ముందు వాళ్ళ చేతికి అచ్చు ఇవ్వమని మేము అంటున్నాం. అచ్చుకి గీత తిన్నగా రానక్కరలేదు. అద్దితే బొమ్మ పడుతుంది.

దీనికి కొనాల్సిందేమీ లేదు. ముదిరిపోయి కూరకి పనికిరాని బెండకాయ ఒకటి తీసుకోండి. తొడిమ వైపు రెండు అంగుళాలు ఉంచి అడ్డంగా కోయండి. తొడిమే పిడి. కోసిన వైపు గుడ్డతో తుడిచి, జిగురు ఆరేదాకా కాసేపు ఉంచాలి. ముక్కని నేరుగా రంగులో ముంచితే ముద్దగా పడుతుంది. పాత గుడ్డని నాలుగు మడతలు పెట్టి పళ్ళెంలో పరిచి, దాని మీద రంగు పోసి, ఆ తడిగుడ్డ మీద ముక్కని ఒత్తి కాగితం మీద అద్దాలి. మామూలుగా అయిదు రేకుల పువ్వు వస్తుంది. పక్కకి జరపకుండా నిటారుగా ఎత్తడమే మెళకువ. అరటి మట్టని అడ్డంగా కోస్తే వల లాంటి బొమ్మ వస్తుంది. ఆకుల్ని వెనుక వైపు, ఈనెలు ఉబికి ఉన్న వైపు అద్దాలి. బంగాళాదుంప మీద చెక్కమని కొందరు చెబుతారు గానీ, తినే దుంపని ఆటకి పాడుచేయడం మాకు నచ్చదు.

రంగులకి పసుపు, బొగ్గు పొడి, ఇటుక పొడి చాలు. పలచని గుడ్డలో జల్లించి చిక్కటి గంజిలో కలపండి. కాగితానికి రాసేసిన నోటుపుస్తకాలు ఉన్నాయి కదా.

అయిదేళ్ళు దాటిన వాళ్ళకి అక్షరాల అచ్చులు చేసి ఇవ్వవచ్చు. అరిగిపోయిన హవాయి చెప్పు అడుగుని ముక్కలుగా కోయండి. బ్లేడు పని మనదే, పిల్లలకి ఇవ్వవద్దు. అక్షరం ఉన్నదున్నట్టు చెక్కితే కాగితం మీద తిరగబడి పడుతుంది. కాగితం మీద సిరాతో లావుగా రాసి, తడి ఆరకముందే ముక్క మీద బోర్లించి ఒత్తితే తిరగేసిన అక్షరం దిగుతుంది. దాని చుట్టూ ఉన్న రబ్బరు చెక్కేస్తే సరిపోతుంది. ఎందుకు తిరగబడిందో పిల్లల్నే అడగండి, అద్దంలో చూపించండి.

కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ బట్టల మీద అద్దకం పనివారు చేసేదీ ఇలాంటి పనే. టేకు చెక్క మీద చెక్కిన అచ్చులు వాడతారు, ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు. నలుపు కోసం తుప్పు ఇనుముని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెడతారు. ముందే కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన బట్ట మీద అద్దితేనే అది నల్లగా తేలుతుంది. దీన్ని చదువు రానివాళ్ళ పని అనేవాళ్ళున్నారు. ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెట్టడం ఎంత లెక్కో, రెండు బెండకాయ పువ్వులు వరసగా అద్ది చూస్తే తెలుస్తుంది.

పిల్లలు అద్దుతుంటే "అక్కడ కాదు, ఇక్కడ" అనకండి. చేతులకి, గౌనుకి అంటుకుంటుంది, అంటుకోనివ్వండి. అయిన కాగితాన్ని అన్నం మెతుకులతో గోడకి అంటించి, అడుగున ఆ పిల్ల పేరు పెద్ద అక్షరాలతో రాయండి. తన పేరు రాసి ఉండగా చూడడం ఆ పిల్లకి అదే మొదటిసారి కావచ్చు. రెండు రోజులాగి ఆ పేరులోని మొదటి అక్షరాన్ని చెప్పు ముక్క మీద చెక్కి ఇవ్వండి. సెలవులయ్యాక హాస్టల్‌కి వచ్చేటప్పుడు ఆ అచ్చుని ఆ పిల్ల దగ్గరే ఉంచి రండి.